మీ టీడీఎస్ ఎంతండీ?

వెనకటికి కొత్తవాళ్లు పరిచయమైతే ఊరూ, ఇంటిపేరూ అడిగేవారు. హైదరాబాద్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు లిఫ్టు ఎక్కితే చాలు, "మీ టీడీఎస్ ఎంతండీ?" అంటున్నారు. జీతంలో కోసే టీడీఎస్ అనుకుని మొదటిసారి మా ఆడిటరు పేరు చెప్పాను. కాదట, నీళ్లదట! నీళ్లలో కరిగిన లవణాల లెక్కట. మూడో అంతస్తు వారిది 30, ఐదో అంతస్తు వారిది 18. ఆ పద్దెనిమిది చెబుతున్నప్పుడు ఆయన మొహంలో కొడుక్కి ఐఐటీ సీటొచ్చినంత వెలుగు. మాది ఎంతో తెలియదన్నాను. పక్కనున్నవాళ్లు కాస్త ఎడంగా జరిగారు.

ఆ ఆదివారమే ఆర్వో ప్యూరిఫయర్లు అమ్మే కుర్రాడొకడు ఇంటికొచ్చాడు. రెండు గ్లాసులు పెట్టించాడు. ఒకదాంట్లో మా నల్లా నీళ్లు, రెండోదాంట్లో అతను తెచ్చిన నీళ్లు. పెన్నులాంటి మీటరు ముంచితే మావి 280, అతనివి 20. "అసలు సినిమా ఇప్పుడుంది సార్" అంటూ రెండు గ్లాసుల్లోనూ ఇనుప కడ్డీలు దించి స్విచ్చేశాడు. రెండు నిమిషాల్లో మా గ్లాసు మూసీ అయిపోయింది. గోధుమ రంగు తెట్టె, మీద నురగ. అతని గ్లాసు తేటగానే ఉంది. "రోజూ మీరు తాగుతున్నది ఇదే మేడం" అన్నాడు. మా ఆవిడ నావైపు చూసింది, పాతికేళ్లుగా దొంగచాటుగా విషం పెడుతున్నవాణ్ణి చూసినట్టు.

ఇంటర్‌లో చదివిన కెమిస్ట్రీ అడుగూబొడుగూ ఏదో గుర్తొచ్చి, అతని తేట నీళ్లలో చిటికెడు వంటింటి ఉప్పు వేసి మళ్లీ స్విచ్చేయమన్నాను. అవీ మూసీలో కలిశాయి! కిటుకు ఇంతే. ఆ రంగు నీళ్లలోది కాదు, కడ్డీలోది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పై తేలుతుంది. లవణాలు తీసేస్తే కరెంటు పారదు, తుప్పూ తేలదు. తుప్పు కుర్రాడిది, పరువు మా నల్లాది.

మీటరు చేసే పనీ దాదాపు అదే. నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూసి, దాన్నో లెక్కతో హెచ్చవేసి అంకె చూపిస్తుంది. ఆ కరిగినది ఎముకకు పనికొచ్చే క్యాల్షియమో, కూరలో వేసే ఉప్పో దానికి తెలియదు. డ్రైనేజీ కలిసి క్రిములు చేరినా వాటిని లెక్కపెట్టలేదు. కొబ్బరిబోండంలో ముంచి చూడండి, వేలల్లో చూపిస్తుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచితే దాదాపు సున్నా. ఈ లెక్కన ఆస్పత్రిలో ఉన్న బావగారిని చూడ్డానికి వెళ్లేవాళ్లు బోండాలు మానేసి బ్యాటరీ నీళ్లు పట్టుకెళ్లాలి.

మన తాగునీటికి బీఐఎస్ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ 10500. 2012 నాటి ఆ పుస్తకం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల టీడీఎస్ దాకా నిక్షేపంగా తాగొచ్చు, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా సర్దుకోవచ్చు. కాఠిన్యం 200 దాకా మంచిది, గత్యంతరం లేకపోతే 600. కానీ ఈ-కోలై అనే క్రిమి 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనబడకూడదు. నైట్రేట్ 45 దాటకూడదు. ఈ రెండింటికీ సడలింపు లేదు. పుస్తకం చూసీచూడనట్టు వదిలేసినదానికి మనం వణికిపోతాం, కర్ర పట్టుకుని నిలబడ్డ చోట మాత్రం ఏమీ అడగం. "మీ ఈ-కోలై ఎంతండీ?" అని లిఫ్టులో ఎవరైనా అడగ్గా విన్నారా? ప్రపంచ ఆరోగ్య సంస్థయితే టీడీఎస్‌కు ఆరోగ్యపరమైన హద్దే గీయలేదు. 600 లోపుంటే రుచి బాగుంటుందని చెప్పి ఊరుకుంది.

బోరు నీళ్లలో కాఠిన్యం ఎక్కువైతే కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజరు కాయిల్‌కు సున్నం పేరుకుంటుంది. నిజమే. కానీ గీజరు జబ్బును గుండెకు అంటగడితే ఎలా? ఇక ఇరవై లీటర్ల డబ్బా సంగతి. బోరు నీళ్లలోని ఖనిజాలన్నీ పిండేసి, మిగిలినదానికి 'మినరల్ వాటర్' అని పేరు పెడతారు. ఇంకాస్త ఖరీదైన మిషన్లలో, తీసేసిన ఖనిజాలను మళ్లీ కలిపే క్యాట్రిడ్జి ఉంటుంది. మజ్జిగలోంచి వెన్న తీసి దాచి, అదే మజ్జిగలో మళ్లీ వెన్న వేసి డబ్బులడిగినట్టు.

ఆర్వో అక్కర్లేదని కాదు. నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లకు కాళ్లు వంకరపోయినవాళ్ల దగ్గర ఈ వెటకారం చెల్లదు. అయితే అక్కడ కూడా ఈ మీటరు గుడ్డిదే. ఫ్లోరైడ్ 1.5 దాటితే ప్రమాదం. మీటరు మీద 300 కనిపించే నీళ్లలో ఫ్లోరైడ్ 4 ఉన్నా అది చల్లగా "పరవాలేదు" అంటుంది. ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే తప్ప ఆ నాలుగు బయటపడదు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. నీటి నిజం ల్యాబెరుగు.

టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్వో వాడకాన్ని నిషేధించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే పర్యావరణ శాఖకు చెప్పింది. ఆ మాటే మా ఆవిడకు చెప్పాను. ట్రిబ్యునల్ తీర్పు మా గుమ్మం దాటి లోపలికి రాలేదు. మిషన్ వచ్చింది. జీతంలో కోసిన టీడీఎస్‌ను రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, నీళ్లలో టీడీఎస్ కోయించుకున్నందుకు రిఫండు లేదు.

మిషన్‌తో పాటు మీటరు ఉచితంగా ఇచ్చారు. లీటరు మంచినీళ్లకు మూడు లీటర్లు సన్న పైపులోంచి పక్క బకెట్లోకి పోతున్నాయి. పనిమనిషి వాటితో ఇల్లు తుడుస్తుంది. మొన్న ఎవరూ చూడకుండా ఆ బకెట్లో మీటరు ముంచాను. 365. పుస్తకం గీసిన 500 గీతకు ఇంకా చాలా కిందే! మేం తాగేది 20, మా గచ్చు తాగేది 365.

లిఫ్టులో మాత్రం ఇరవై అనే చెబుతున్నాను. ఇప్పుడు అందరూ దగ్గరగానే నిలబడుతున్నారు.