డ్యూటీ దిగింది, తుపాకీ దిగలేదు

మన దగ్గర ఏఆర్ కానిస్టేబుల్ డ్యూటీ దిగగానే తుపాకీని ఆయుధాల గదిలో, అంటే బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో అప్పగించి, రిజిస్టర్లో సంతకం గీకి, చేతులూపుకుంటూ ఇంటికెళ్తాడు. పాపం, ఇంకా వెనకబడే ఉన్నాం. అమెరికాలో ఈ తతంగం అక్కర్లేదు. 2004 జులైలో అధ్యక్షుడు జార్జి బుష్ సంతకం చేసిన చట్టం పుణ్యాన, కార్డున్న పోలీసు డ్యూటీలో లేకపోయినా, తన రాష్ట్రం కాకపోయినా, చొక్కా కింద పిస్తోలు దాచుకుని తిరగొచ్చు.

రిటైరైనా బెంగలేదు. పదేళ్ల సర్వీసు ఉండి, ఏటా సొంత ఖర్చుతో గురి పరీక్ష పాసైతే చాలు. మన రిటైర్డ్ హెడ్డుగారు ఏటా బతికున్నానని సర్టిఫికెట్ ఇస్తారు. అక్కడి హెడ్డుగారు ఇంకా కాల్చగలనని ఇస్తారు.

షరతులు లేవనుకునేరు. మెషిన్‌గన్ కూడదు. సైలెన్సర్ కూడదు; పేలింది నలుగురికీ వినబడొద్దూ! విమానమెక్కడానికి ఈ చట్టం చెల్లదు. మత్తులో ఉండకూడదు.

డాన్సు చేయకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. 2018 జూన్‌లో డెన్వర్‌లోని ఒక బార్‌లో, డ్యూటీలో లేని ఎఫ్‌బీఐ ఏజెంటు ఒకాయన (మామూలు పోలీసు కాదు లెండి, పైమెట్టు) జనం చుట్టూ చేరి చూస్తుండగా వెనక్కి పల్టీ కొట్టాడు. పల్టీ చక్కగా కుదిరింది. నడుములోని తుపాకీ మాత్రం జారి నేలన పడింది. గబుక్కున వంగి తీయబోతే పేలింది. అక్కడున్న ఓ మనిషి కాలికి తగిలింది. ఏజెంటు తుపాకీని మళ్లీ నడుములో దోపుకుని, రెండు చేతులూ పైకెత్తి, పక్కకి నడిచిపోయాడు. తర్వాత నేరం ఒప్పుకున్నాడు, రెండేళ్లు ప్రొబేషన్ పడింది.

ఆపద చెప్పి రాదు, పోలీసు ఇరవై నాలుగ్గంటలూ పోలీసే అంటారు. కాదనను. కానీ ఆ సంగతి ఎదుటివాడికి తెలియాలి కదా. 2009 మేలో న్యూయార్క్ హార్లెంలో డ్యూటీ దిగిన పాతికేళ్ల నల్లజాతి పోలీసు, తన కారులో చొరబడిన దొంగను తుపాకీ పట్టుకుని తరిమాడు. మఫ్టీలో వచ్చిన తోటి పోలీసుకు అతనిలో పోలీసు కనబడలేదు, తుపాకీతో పరిగెత్తే నల్లవాడే కనబడ్డాడు. కాల్చేశాడు. కుర్రాడు చనిపోయాడు. దీనిమీద నాకు వెటకారం రాదు.

ఇక మత్తు సంగతి. కారు నడపాలంటే అక్కడ దాదాపు అన్ని రాష్ట్రాల్లో రక్తంలో మద్యం 0.08 శాతానికి చేరకూడదు. యూటాలో అయితే 0.05 శాతమే. ఈ తుపాకీ చట్టంలో మత్తు కూడదన్న మాటే తప్ప, ఎంతకు మత్తో చెప్పే అంకె లేదు. స్టీరింగుకు ఉన్న కొలత ట్రిగ్గరుకు పెట్టడం అమెరికా కాంగ్రెస్‌కు ఇరవై ఏళ్లు దాటినా గుర్తురాలేదు.