సుత్తికి నిషేధం, సీసాకు స్వాగతం

పౌర విమానయాన భద్రతా బ్యూరో వారికి పత్తర్‌గట్టి నమస్కారాలు. నాలుగు వందల ఏళ్లకు పైగా సుత్తి చప్పుళ్ల మధ్యే బతికిన చార్మినార్ పేటకు తట్టని రహస్యం తమరు కనిపెట్టారు. వరఖ్ కొట్టే సుత్తి మారణాయుధమట!

వరఖ్ పని చూడనివారికి ఒక మాట. చిన్న చిన్న వెండి ముక్కలను పొరల పుస్తకంలో పెట్టి, లయ తప్పకుండా గంటల తరబడి కొడతారు. చివరికి ఊపిరి తగిలినా ఎగిరిపోయే రేకు తయారవుతుంది. దాన్ని మిఠాయి మీద అద్దుతారు. దెబ్బ కాస్త అటూ ఇటూ పడితే రేకు చిరిగి ఊరుకుంటుంది. ఇంత నాజూకు నేర్చిన ఉస్తాద్ ఏ ప్రదర్శనకో బయల్దేరి శంషాబాద్ విమానాశ్రయం చేరితే, "దీంతో ఏం చేస్తావు చాచా?" అని తనిఖీ సిబ్బంది అడుగుతారు. "మిఠాయికి సోకు చేస్తాను సాబ్" అంటే నమ్మేదెవరు?

సుత్తి, రంపం, డ్రిల్లు, స్క్రూడ్రైవరు, రెంచీ, పట్టకారు: అన్నీ కేబిన్‌కు అంటరానివే. చెకిన్ సామానులో పడేయాల్సిందే. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు మా పత్తర్‌గట్టి బజారుకు రాతి కమానులు కట్టించింది. వాటిని చూపించి పర్యాటకులను పిలుస్తాం. వాటిని చెక్కిన ఉలి మాత్రం స్కానర్‌లో కనబడగానే గంట మోగాలి.

తనిఖీ దాటి నాలుగడుగులు వేయండి. అంతర్జాతీయ ప్రయాణికుడికి డ్యూటీ ఫ్రీ దుకాణం గాజు సీసాల్లో విస్కీ అమ్ముతుంది. సంచికి సీలు వేసి మరీ చేతికిస్తుంది. పగిలిన సీసా ఎందుకు పనికొస్తుందో మన సినిమా ఫైట్లు చూసిన పిల్లవాడికీ తెలుసు. అయినా సీసా కొన్నాయన పెద్దమనిషి, పట్టకారు తెచ్చుకున్నవాడు అనుమానితుడు.

భద్రత వద్దని ఎవరూ అనరు. పెద్ద సుత్తి సామానులోనే పోనీయండి. మరి అరచేతిలో ఇమిడే పట్టకారు మాటేమిటి? 2001 సెప్టెంబరు 11న దెబ్బ తిన్న అమెరికాయే 2005 డిసెంబరులో కాస్త మెత్తబడింది. 7 అంగుళాలు దాటని స్క్రూడ్రైవరు, రెంచీ, పట్టకారు కేబిన్‌లోకి రానిచ్చింది. 4 అంగుళాల లోపు కత్తెరకూ సరేనంది. దెబ్బ తిన్నవాడు టేపు పట్టుకుని కొలుస్తుంటే మనం జాబితా పట్టుకుని అరుస్తున్నాం.

మనకూ కనికరం లేకపోలేదు. 2024 అక్టోబరులో శబరిమల భక్తుల ఇరుముడిలో కొబ్బరికాయకు, తనిఖీ చేసి, కేబిన్‌లో చోటిచ్చారు. గడువు 2025 జనవరి 20. మంచి పని. అంటే మనిషిని చూసి, వస్తువును చూసి, అవసరం తెలుసుకుని పంపించడం మనవాళ్లకు చేతనవునన్నమాట. ఆ చూపు భక్తుడి దగ్గరే ఆగిపోయింది, పనివాడి దాకా రాలేదు.

బ్యాటరీ నియమం ఒక్కటే బుద్ధిగా ఉంది. డ్రిల్లు కింద సామానులో, విడి లిథియం బ్యాటరీ చేతి సంచిలో. మంట పుడితే కేబిన్‌లో ఆర్పేవాళ్లుంటారు, కింద ఎవరుంటారు? 100 వాట్ అవర్ల దాకా అనుమతి అడగక్కర్లేదు. 18 వోల్టుల, 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 90తో గట్టెక్కుతుంది.

ఇక బరువు. దేశీయ విమానాల్లో చెకిన్ సామాను మామూలుగా 15 కిలోలు. బట్టలు పెట్టాలా, ఇనుము పెట్టాలా? దాటిన ప్రతి కిలోకూ డబ్బు కట్టాలి. కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయే వడ్రంగికి, మేస్త్రీకి ఇలాంటి తూకం లెక్క బాగా తెలుసు. 2024లో లాడ్‌బజార్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వస్తే చప్పట్లు కొట్టాం. గాజు చేసిన చేతికి శాలువా కప్పి, ఆ చేతి పనిముట్టుకు అదనపు బరువు రుసుం రాయడం మన మర్యాద.

కాబట్టి బ్యూరో వారూ, చిన్న పనిముట్లకు అంగుళాల లెక్క మీరూ రాయండి. విమాన సంస్థలూ, చేతిపనివారి పెట్టెకు నాలుగు కిలోలు వదిలిపెట్టండి. అంతదాకా ఉస్తాద్‌లూ, వాడి అంచులకు మందపాటి గుడ్డ చుట్టి పనిముట్లన్నీ చెకిన్‌లో వేయండి, విడి బ్యాటరీ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.