వేణ్ణీళ్లకు చన్నీళ్లే తోడు

హైదరాబాద్‌లో శానిటరీ షోరూముకు వెళ్లినవాడు కొళాయి కొనుక్కుని తిరిగిరావడం ఎప్పుడో మానేశాడు. పళ్లెమంత రెయిన్ షవర్, గోడలోంచి పక్కటెముకల మీదికి చిమ్మే బాడీ జెట్లు, చేతికో హ్యాండ్ షవర్ తెచ్చుకుంటున్నాడు. "స్టార్ హోటల్ ఫీలింగ్ సార్" అంటాడు సేల్స్ కుర్రాడు. ఫీలింగుకి ధర చెప్పాడు, నీళ్ల సంగతి చెప్పలేదు. ఆ నీళ్లు రావలసింది మేడ మీద సిమెంటు దిమ్మెక్కి కూర్చున్న నల్ల ట్యాంకులోంచి. ప్లంబర్లు 'కేజీ ప్రెషర్' అంటారే, అది రావాలంటే నీటిమట్టం 10 మీటర్ల ఎత్తున ఉండాలి. పై అంతస్తువాడి నెత్తికీ ట్యాంకుకీ మధ్య 3 మీటర్లుంటే గొప్ప. అంటే కేజీలో మూడోవంతు కూడా లేదు. దాంతో ఆ పళ్లెంలోంచి వాన పడదు, చూరునీళ్లు కారతాయి. అందుకని ప్రెషర్ పంపు పెట్టిస్తారు.

పంపు పెట్టాక తిరుగు లేదు. ట్యాప్ తిప్పగానే గుర్రుమంటుంది, షవర్ దంచికొడుతుంది. జనవరి పొద్దున, షాంపూ రాసుకుని కళ్లు మూసుకున్న మనిషి నెత్తిన, చన్నీళ్లు దంచికొడుతుంది. ఇక మొదలు, మన అపార్టుమెంటు మధ్యతరగతి కొత్త వ్రతం. దీనికి పురోహితులు ముగ్గురు. ముగ్గురికీ దక్షిణ విడివిడిగా ఇవ్వాలి.

ముందు ప్లంబరు. గీజరు పొట్ట మీద రెండు తట్లు తట్టి, "గీజర్ ఖరాబైంది సార్, కంపెనోళ్లకు ఫోన్ కొట్టుండ్రి" అంటాడు. కంపెనీ టెక్నీషియన్ వచ్చి మూత విప్పుతాడు. ఎలిమెంటు బయటికి లాగి, దానికి పట్టిన తెల్లటి పెచ్చును గోటితో గీకి అరచేతిలో పోసి చూపిస్తాడు. "బోరు నీళ్లు సార్, ఎలిమెంట్ మార్చాలె." పెచ్చు నిజమే. బోరు నీళ్లు తాగిన ఏ గీజరు పొట్ట కోసినా అదే కనిపిస్తుంది, అది నిన్నటిదాకా పొగలు కక్కిన గీజరైనా సరే. కొత్త ఎలిమెంటు పడింది. నీళ్లు చల్లగానే ఉన్నాయి. మూడోవాడు ఎలక్ట్రీషియన్. వైరు సన్నగా ఉందంటాడు, లావు వైరు లాగుతాడు. నీళ్లు చల్లగానే ఉన్నాయి. మళ్లీ ప్లంబరు వచ్చి, అందరూ ఓడిన చోట తాను గెలిచే మాట చెబుతాడు: "ప్రెషర్ సాల్తలేదు సార్. ఇంకా పెద్ద పంపు ఏద్దాం."

ఇంత తతంగంలో ఒక్కరూ కాగితమ్ముక్క తియ్యరు. హైస్కూలు లెక్క ఇది. మన బాత్రూముల్లో ఉండేది మామూలుగా 15 లీటర్ల గీజరు. అందులో నీళ్లు 60 డిగ్రీలకు కాగాయనుకోండి. చలికాలంలో ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలు. రెండూ సగం సగం కలిపితే 40 డిగ్రీల స్నానపు నీళ్లు 30 లీటర్లు తయారవుతాయి. పంపు లేనినాడు షవరు నిమిషానికి ఓ 5 లీటర్లు కార్చేది; ఆరు నిమిషాల స్నానం. పంపు పెట్టాక నిమిషానికి 15 లీటర్లు దంచుతోంది. రెండు నిమిషాల్లో కథ కంచికి. అది కూడా మంచి మాటకి. పంపు తోపుకి, గీజరు అడుగున నెమ్మదిగా చేరవలసిన చన్నీళ్లు పైదాకా చిమ్ముకొచ్చి వేణ్ణీళ్లలో కలిసిపోతే ఆ రెండు నిమిషాలూ దక్కవు. 2 కిలోవాట్ల ఎలిమెంటు మళ్లీ 15 లీటర్లు అంత వేడికి తేవాలంటే 20 నిమిషాలు పడుతుంది. ఒంటికి సబ్బుతో అంతసేపు నిలబడి ఎదురుచూడగల యోగులు మన కాలనీల్లో తక్కువ.

'ఇన్‌స్టంట్' బాబులది ఇంకా అన్యాయం. వంటింటి సింకుకి సరిపోయే 3 కిలోవాట్ల బుల్లి గీజరు తెచ్చి రెయిన్ షవరుకి తగిలిస్తారు. నిమిషానికి 3 లీటర్లు పారితే అది నీళ్లను 14 డిగ్రీలు వేడెక్కించగలదు. పంపు పుణ్యమా అని 12 లీటర్లు పారాయా, వేడెక్కేది మూడున్నర డిగ్రీలు. ఆ తేడా పట్టుకోవాలంటే చెయ్యి చాలదు, థర్మామీటరు కావాలి.

లెక్క సరిగ్గా ఉండీ వేణ్ణీళ్లు రాని ఇళ్లున్నాయి. అక్కడ నేరం పైపుది. పంపు గొట్టాన్ని చన్నీళ్ల లైనుకి మాత్రమే కలిపి, గీజరును పాత ట్యాంకు లైను మీదే వదిలేస్తాడు ప్లంబరు. గోడ తక్కువ కొట్టొచ్చు, పని గబగబా అయిపోతుంది. తీరా మిక్సరులో ఒకవైపు నుంచి పంపు తోపు, రెండోవైపు నుంచి పాపం ట్యాంకు తోపు. చన్నీళ్లు వేణ్ణీళ్లను గుమ్మంలోనే అడ్డగిస్తాయి. ఆపై ఎవరో హ్యాండ్ షవర్ కొస బటన్ మాత్రం ఆపి, మిక్సరు తెరిచే వదిలేస్తారు. అప్పుడు చన్నీళ్లు మిక్సరు లోంచే వేడి లైనులోకి దూరి వంటింటి దాకా షికారు వెళతాయి. గీజరు మాత్రం ఎర్ర దీపం వెలిగించుకుని నిక్షేపంగా కాగుతూనే ఉంటుంది.

ఇది తేల్చడానికి పైసా ఖర్చు లేదు. గీజరు స్విచ్చి ఆపి, దానికి నీళ్లొచ్చే యాంగిల్ కాక్ కట్టేసి, వేడి ట్యాప్ ఒకటి తిప్పండి. కాసేపటికి నీళ్లు ఆగిపోవాలి. ఆగకుండా పారుతుంటే అవి గీజరులోంచి వస్తున్నవి కావు, ఎక్కడో అడ్డదారిన చొరబడుతున్న చన్నీళ్లు. ఏ మిక్సరులోంచో వెతుక్కోవాలి. ఈ పరీక్ష ముగ్గురు పురోహితుల్లో ఎవరూ చెయ్యరు. చేస్తే బిల్లు ఎక్కడ రాయాలి?

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నవ్వుకోలేనిది సేఫ్టీ వాల్వు సంగతి. కాగిన నీళ్లు ఉబ్బుతాయి. గీజరు మెడ దగ్గర నాన్ రిటర్న్ వాల్వు ఉంటే వెనక్కి పోవడానికి దారి ఉండదు. ఆ ఒత్తిడి దించడానికే సేఫ్టీ వాల్వు బొట్లు బొట్లుగా కారుతుంది. అది కారడమే దాని ఉద్యోగం. పంపు వచ్చాక ఆ బొట్లు ఎక్కువవచ్చు. ధారకడితే ప్రెషర్ తగ్గించాలి, లేదా వాల్వు మార్చాలి. మన మహానుభావుడు మాత్రం "లీకేజీ సార్" అని, టెఫ్లాన్ టేపు చుట్టి, దాని నోట్లో ఒక డమ్మీ బిగించి వెళతాడు. థర్మోస్టాటూ కటాఫూ రెండూ మొరాయించిన రోజున ఆ గీజరు నెత్తి మీద వేలాడే బాంబు. ఇంటాయన మాత్రం తడి ఆరిన గోడ చూసి వందో రెండొందలో చేతిలో పెట్టి, మంచి పనివాడని పక్క ఫ్లాటుకి నంబరు కూడా ఇస్తాడు.

షోరూములో అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "బాబూ, ఈ షవర్ నిమిషానికి ఎన్ని లీటర్లు తాగుతుంది? దీనికి ఎంత గీజరు కావాలి?" నేనడిగాను. కుర్రాడు క్షణం ఆలోచించి, షవర్ తిప్పి కింది భాగం చూపించాడు. "ఇందులో ఎల్‌ఈడీ లైటుంది సార్. నీళ్లు వేడిగా ఉంటే ఎరుపు, గోరువెచ్చగా ఉంటే ఆకుపచ్చ, చల్లగా ఉంటే నీలం. బ్యాటరీ కూడా అక్కర్లేదు." వెనకాల నిలబడ్డ దంపతులు రెండు ప్యాక్ చేయమన్నారు.