అప్లై ప్రభువులకు జేజేలు

జయము జయము అప్లై ప్రభూ! సెట్టింగుల సింహాసనాధీశ్వరా, ఓకే క్యాన్సిల్ సమేతా, సందేహప్రదాన దీక్షాధురంధరా, 1995లో విండోస్ 95తో ఇంటింటి కంప్యూటరుకూ వేంచేసి, ఇన్నేళ్ళుగా తమ అంతరంగం ఫలానా అని సామాన్యుడికి తెలియనీయని గాంభీర్య సముద్రా, తమ కీర్తి మాబోటి మౌస్ పట్టేవాళ్ళకు వర్ణించ తరమా!

ఓకే నొక్కితే మార్పు అమలై పెట్టె మూతపడుతుంది. తమరిని నొక్కితే మార్పు అమలై పెట్టె తెరిచే ఉంటుంది. ఈ పాటి తేడాకు ఇద్దరు ప్రభువులను పక్కపక్కనే కూర్చోబెట్టిన ఆ ఔదార్యం ముందు మన సర్కారు ఆఫీసులు పరమ లోభులు. అందులోనూ తమ కొలువు తీరు చూడవలసిందే. మౌస్ వేగం మార్చేదాకా విభూతి పూసుకున్నట్టు బూడిదరంగులో సమాధినిష్ఠలో ఉంటారు. గీత మీద మీటను వెంట్రుకవాసి జరపగానే నల్లటి అక్షరాలతో కళ్ళు తెరుస్తారు. నొక్కామా, మళ్ళీ సమాధి! పని అయిందనో కాలేదనో ఒక్క మాట పెగలదు. మౌనవ్రతమంటే అది.

ఇక క్యాన్సిల్ దేవి మహిమ. ముందు తమరిని నొక్కి, పిదప మనసు మారి ఆవిడను శరణుజొచ్చిన అమాయకుణ్ణి ఆ తల్లి చిరునవ్వుతో పెట్టె మూసి సాగనంపుతుంది. తమరు చేసిన మార్పు మాత్రం చెక్కుచెదరదు. పట్టింది విడవని హరిశ్చంద్రులు తమరు, రద్దు అని నుదుట రాసుకుని దేన్నీ రద్దు చేయని కర్మసన్యాసిని ఆవిడ! అటువంటి వేళ ఆవిడను బూడిదరంగులో నొక్కరాకుండా కూర్చోబెట్టి, ఓకే పేరును క్లోజ్ అని మార్చే వెసులుబాటు విండోస్‌లో ఎప్పటినుంచో ఉంది. దాన్ని వాడి ఒక స్త్రీ గుట్టు రచ్చకెక్కించే మొరటుపనికి ఒడిగట్టని ప్రోగ్రామర్ల మర్యాదకు వేయి దండాలు.

తెర రెజల్యూషన్ దగ్గర మాత్రం ఏలినవారు కాస్త జారారు. మార్పు ఉంచమంటారా అని అడిగి, 15 సెకన్లు లెక్కపెట్టి, జవాబు లేకపోతే పాత స్థితికి తెచ్చిపెడతారు. ఇంతటి యశస్సుకు అదొక్కటే మచ్చ. మనిషి మీద దయ తలచిన ఆ బలహీనతను మేము మన్నించాం. టిక్కు పెట్టగానే అమలు చేసే నాస్తికమార్గం పట్టిన మ్యాక్ వాళ్ళనూ, 2002లో గ్నోమ్ 2 అనే డెస్క్‌టాప్ వాళ్ళనూ తలుచుకుంటే జాలేస్తుంది. సందేహమనే రాజభోగం వాళ్ళ నుదుట రాసి లేదు.

కొన్ని నెట్‌వర్క్ స్విచ్‌లలో తమ లీల ఇంకా లోతైనది. అక్కడ తమరిని నొక్కగానే మార్పు పనిచేస్తుంది, అందరూ సంతోషిస్తారు. సేవ్ స్వామికి విడిగా మొక్కలేదు గనుక కరెంటు పోయి వచ్చేసరికి అంతా మాయమవుతుంది. ఎండాకాలం కోతల్లో సంసారం బుద్బుదప్రాయమని ఇంత చవకగా బోధించే గురుపీఠం మరొకటి లేదు.

కనుక భక్తులారా, ముందు అప్లై, వెంటనే ఓకే, సేవ్ కనబడితే అదీ నొక్కండి. బయటికి వచ్చి, మళ్ళీ అదే పెట్టె తెరిచి, మార్పు నిలిచిందో లేదో దర్శనం చేసుకోండి. క్యాన్సిల్ దేవికి మాత్రం దూరం నుంచే ఒక నమస్కారం పెట్టండి.