కర్తరీకల్లోలిని: ఒక అంగడి చీటీకి టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసుకు మల్లినాథుడు దొరికాడు. మెదకుసీమలోని కొలిచెలమ వాడైన ఆ సూరి రఘువంశానికి సంజీవని, కిరాతార్జునీయానికి ఘంటాపథం, మాఘానికి సర్వంకష అని పేర్లు పెట్టి మరీ వ్యాఖ్యలు రాశాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. అంగడి చీటీలకు మాత్రం అంతటివాడు ఇంతవరకూ దొరకలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ కర్తరీకల్లోలిని. కర్తరి అంటే కత్తెర. కల్లోలం ఇంట్లోది. మల్లినాథుడి ఒట్లలో మొదటిది పాటిస్తాను, రెండోది నా వల్ల కాదు.

మూలం దినసరి క్యాలెండరు నుంచి చింపిన చీటీ వెనకవైపు పెన్సిలుతో రాసి ఉంది. ఒక్కటే ప్రతి. ముందువైపు ఆనాటి రాహుకాలం, యమగండం అచ్చయి ఉన్నాయి. వ్యాఖ్యాత బయల్దేరే ముందు వాటినీ పరిశీలించాడు. కవయిత్రి మా ఇంటావిడ. సందర్భం డిసెంబరు నెల. పిల్లల బళ్ళో కార్డుల పోటీ, వాకిట్లోకి కాగితపు నక్షత్రం, జనవరి ఒకటికి చుట్టాలకు శుభాకాంక్షలు, ఆ వెనకే సంక్రాంతి. అచ్చు కార్డులు కొనేది లేదని, ఈసారి అన్నీ చేత్తో చేద్దామని ఇంట్లో తీర్మానం అయింది. వచనంలో చెబితే సగం మరిచిపోతానని, పద్యమైతే నోట్లో ఆడుతుంటుందని తేటగీతిలో చెప్పి పంపింది.

మూలం

చార్టు రెండును జిగినీయు చాలినంత
జిగురు చిన్నది రిబ్బను జేనెడైన
కవరు పన్నెండు తక్కువ కాక తెమ్ము
మిగిలినవి చూచి కొనుమింక మించిపోక

ప్రతిపదార్థం

చార్టు రెండును = 22 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు గల దళసరి కాగితాలు రెండింటిని; జిగినీయు = మెరుపుల పొడిని; చాలినంత = సరిపడినంత (ఎందుకు సరిపడాలో మూలంలో లేదు); జిగురు చిన్నది = ఫెవికాల్ చిన్న డబ్బాను; రిబ్బను = శాటిను పట్టీని; జేనెడైన = జానెడు పొడుగైనా సరే; కవరు పన్నెండు = డజను కవర్లను; తక్కువ కాక = లెక్క తగ్గకుండా; తెమ్ము = తీసుకొని రా; మిగిలినవి = తక్కినవాటిని; చూచి = ఆలోచించి; ఇంక = ఆపైన; మించిపోక = దాటిపోకుండా (దేన్నో సంబోధ్యుడికి తెలుసు); కొనుము = కొను.

తాత్పర్యం

ఓ మగడా! చార్టులు రెండు, జిగినీ కావలసినంత, జిగురు చిన్న డబ్బా, రిబ్బను ఓ జానెడు, కవర్లు డజనుకు తగ్గకుండా పట్టుకురా. తక్కినవి నువ్వే చూసి కొను. డబ్బు మాత్రం చేయి దాటనీకు.

విశేషాలు

ముందుగా ఒక శబ్దచర్చ. 'జిగినీయు' తర్వాత ద్రుతం ఉంది కాబట్టి పరుషం సరళం కావాలి, 'జిగినీయుఁ జాలినంత' అని ఉండాలి. 1858లో బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి ఈ చెన్నపట్నంలోనే పాఠాలు చెప్పినవాడు, వింటే ఊరుకునేవాడు కాదు. ఈ ఆక్షేపణ కవయిత్రి ముందు పెట్టాను. "కొట్టువాడి దగ్గర 'జాలినంత' అని అడిగితే జాలిపడి పంపిస్తాడు, వెళ్ళి రండి" అంది. సమాధానం శాస్త్రీయం కాకపోయినా ఖండించడానికి వీల్లేనిది.

ఇక 'తెమ్ము'. ఎక్కణ్ణుంచి? మూలంలో లేదు, అధ్యాహారం చేసుకోవాలి. చెన్నపట్నంలో ఈ అధ్యాహారం ఎప్పుడూ ఒక్కటే: పారిస్. 1788లో వ్యాపారం మొదలెట్టిన థామస్ ప్యారీ పేరు మీద ఆ మూలకు ప్యారీస్ కార్నర్ అని పేరొచ్చింది. జనం నోట్లో నలిగి పారిస్ అయింది. విమానం అక్కర్లేదు, హైకోర్టు మెట్రోలో దిగితే చాలు. అక్కణ్ణుంచి లోపలికి అల్లుకున్న వీధులన్నీ జార్జి టౌను. ఒకప్పుడు బ్లాక్ టౌను, 1911లో ఐదో జార్జి పేరు పెట్టారు. రాజుగారి పేరు పటంలో ఉంటుంది గాని నడుస్తుంటే చెవిన పడేవి వేరే పేర్లు: నైనియప్ప నాయకన్ వీధి, గోవిందప్ప నాయకన్ వీధి, తంబుచెట్టి వీధి. బ్రాడ్‌వే అయితే ఇప్పుడు మన టంగుటూరి వారి పేరున ప్రకాశం శాలై.

టీకలకూ ఈ చోటికీ ఉన్న చుట్టరికం కూడా ఇక్కడే చెప్పేయాలి. 1854లో వావిళ్ళ రామస్వామి శాస్త్రులు పెట్టిన అచ్చుకూటం తర్వాత్తర్వాత ఎస్ప్లనేడు చిరునామాతో కావ్యాలనూ శతకాలనూ టీకా తాత్పర్య సహితంగా తెలుగునాడంతటికీ పంపింది. ఆముక్తమాల్యదకు వ్యాఖ్య రాసిన వేదం వెంకటరాయశాస్త్రి సంస్కృత పండితుడిగా పనిచేసిన క్రైస్తవ కళాశాల 1937లో తాంబరం తరలిపోయే దాకా ఈ చుట్టుపక్కలే ఉండేది. 1914లో దినపత్రికగా మారిన ఆంధ్రపత్రిక తంబుచెట్టి వీధిలోదే. ఇన్ని అక్షరాలు వెళ్ళిపోయినా కాగితం మాత్రం పోలేదు. అండర్సన్ వీధిలో అడుగడుగునా కాగితాల కొట్లే, పెళ్ళిశుభలేఖల కొట్లే. కాబట్టి 'తెమ్ము' అనే క్రియకు అండర్సన్ వీధిని అపాదానంగా గ్రహించాలి.

'చార్టు రెండును' అన్న సంఖ్యలో గణితం దాగి ఉంది. 22ను రెండు చేసి, 28ని నాలుగు చేస్తే 11కి 7 అంగుళాల ముక్కలు 8 వస్తాయి. ఒక్కోటీ మధ్యకు మడిస్తే ఐదున్నరకు ఏడు కార్డు. రెండు చార్టులకు 16. కవర్లేమో 12. ఈ నాలుగు కార్డుల తేడా కవయిత్రి పొరపాటని కొందరంటారు. కాదు. బడి పోటీకి ఒకటి పోను, చెడగొట్టుకోవడానికి మూడు. పిల్లలున్న ఇంటి లెక్క ఇలాగే ఉంటుంది.

చార్టు అడగ్గానే కొట్టువాడు "ఎంత జీఎస్ఎం?" అన్నాడు. మూలంలో దీనికి జవాబు లేదు. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే ఆ అంకె. జెరాక్సు కాగితం 70, 80. నిలబడే కార్డు కావాలంటే 250 నుంచి 300. ఆయన అంకె చెప్పించుకోవడంతో ఆగలేదు. షీటు మూల పట్టుకుని ఒక్క విదుపు విదిల్చాడు. 'టప్'మంది. పక్కనున్న పల్చటిదాన్ని విదిలిస్తే 'గలగల' మంది. ధ్వని సిద్ధాంతం ఆనందవర్ధనుడితో అయిపోలేదని నాకు అప్పుడు తెలిసింది.

కాగితానికి వాలు కూడా ఉంటుంది. మిల్లులో గుజ్జు సాగే దిక్కుకే నారలు వాలతాయి. వాలు వెంబడి మడిస్తే గీత నున్నగా వస్తుంది. అడ్డంగా మడిస్తే కార్డు వీపు పగిలి తెల్లటి పీచు బయటపడుతుంది, దాని మీద ఎంత జిగినీ చల్లినా దాగదు. షీటును అటోసారి ఇటోసారి మెల్లగా వంచి చూడాలి. ఏ మడత తేలిగ్గా వంగితే ఆ మడత గీత వెంబడే వాలు. ఆపైన స్కేలు ఆనించి, సిరా అయిపోయిన రీఫిల్‌తో అదిమి ఒక గీత లాగి మడవాలి. ఈ ఒక్క మెలకువ తెలిస్తే కార్డు కొట్లో కొన్నదానిలా ఉంటుంది. అలా ఉండకూడదనే గదా ఇంట్లో చేస్తున్నది అని పూర్వపక్షం. చెయ్యి తెలియాలి గాని చేతకానితనం తెలియకూడదని సిద్ధాంతం.

'జిగినీ' విషయంలో మూలానికి 'చాలినంత' అనే విశేషణం పొసగదు. జిగినీ చాలడం అనేది లేదు, చాలించుకోవడమే ఉంది. సన్నటి ప్లాస్టిక్ పొరకు అల్యూమినియం పూత పూసి తురిమిన రేణువులివి. కార్డు మీద పడ్డవి కొన్ని, కనుబొమల్లో, పెరుగన్నంలో, ఆఫీసు ఫైల్లో తేలేవి ఎన్నో. 2023 అక్టోబరు నుంచి యూరపు సమాఖ్య విడి ప్లాస్టిక్ జిగినీ అమ్మకాన్ని ఆపించింది, నీళ్ళలో కలిసి చేపల కడుపుల్లోకి పోతోందని. వ్యాఖ్యాత సలహా: పొడి వద్దు, చెమ్కీలు తెచ్చుకోండి. నేల మీద పడితే కనీసం కంటికి కనిపిస్తాయి.

'జిగురు చిన్నది' అన్నచోట చిన్నది అనే మాట పొదుపు కోసం కాదు, శాస్త్రం కోసం. ఫెవికాల్‌లో ఉండేది నీళ్ళు కలిసిన జిగురు. ధారాళంగా పోస్తే కాగితం నీరు తాగి ఉబ్బుతుంది, ఆరాక అప్పడంలా వంకర తిరుగుతుంది. అగ్గిపుల్ల కొనతో చుక్క పెట్టి, పల్చగా పామి, అంటించాక బరువు పెట్టాలి. మా ఇంట్లో ఈ పనికి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరాన్ని వాడతారు. 1885లో వెలువడ్డ నిఘంటువు. దాన్ని తెరిచి చాలాకాలమైందని మొదట నొచ్చుకున్నాను. ఒక రాత్రి దాని కింద ఉన్న కార్డు తెల్లారేసరికి పలకలా చదునుగా రావడం చూశాక ఆ బాధ పోయింది.

రిబ్బను గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. జానెడు రిబ్బను అడిగినవాణ్ణి చూసి కొట్టువాడు నవ్వలేదు. మర్యాదస్థుడు. రోలు తీసి బల్ల మీద పెట్టాడు, అంతే.

'కవరు పన్నెండు' దగ్గర మూలానికీ లోకానికీ విరోధం ముదిరింది. "డజను కవర్లు" అంటే లోపలి నుంచి తలెత్తకుండానే జవాబొచ్చింది: "లూజ్ ఇల్లె సార్. పాకెట్ దాన్." విడిగా లేవు, కట్టే. ఇది జార్జి టౌను పరమసూత్రం. గోడౌన్ వీధిలో బట్టకూ ఇదే, కాశీచెట్టి వీధిలో ఫ్యాన్సీ సరుకుకూ ఇదే. ఈ వీధులు టోకువాళ్ళవి. ఇక్కడ డజను అంటే చిల్లర, గ్రోసు అంటే 144, అదీ మాట్లాడే అంకె. తలమీద మూటలు, తోపుడుబండ్లు, "వళి, వళి" అంటూ దారి అడిగే కేకలు. ఆ మధ్య నిలబడి పన్నెండు కవర్ల గురించి వాదించేవాడికి వీధే జవాబు చెబుతుంది, వీపు మీద గోనెసంచీతో ఒక్కటి తగిలించి. మూలంలో 'తక్కువ కాక' అన్నది ఈ సందర్భంలో ఆదుకుంది. కవయిత్రి తక్కువ కాకూడదంది గాని ఎక్కువ కాకూడదనలేదు.

కవరు తర్వాత టపా. 300 జీఎస్ఎం చార్టులో ఎనిమిదో వంతు ముక్క దాదాపు 15 గ్రాములు తూగుతుంది. కవరు బరువు కలిపి, రెండు కుందన్ రాళ్ళు అంటిస్తే ఉత్తరానికి మొదటి మెట్టయిన 20 గ్రాములు దాటిపోయినట్టే. రాజాజీ శాలైలో 1884లో తెరిచిన పెద్ద తపాలాఫీసు ఇక్కడికి దగ్గరే, వెళ్ళి తూయించి బిళ్ళలు అంటించడం మేలు. ఒకప్పుడు కార్డుల కవరు అంటించేవాళ్ళు కాదు. మూత లోపలికి దోపి, పైన బుక్ పోస్టు అని రాస్తే తక్కువ ఖర్చులో వెళ్ళేది. దానివల్ల దారిలో ఎవరైనా చదవొచ్చు. అందుకే పాతకాలం కార్డుల్లో 'శుభాకాంక్షలతో' తప్ప వేరే విశేషం ఉండేది కాదు.

ఇక్కడ ఒక ప్రశ్న. ఇంత పాటెందుకు, అచ్చు కార్డులున్నాయి గదా? చరిత్ర తిరగేస్తే అచ్చు కార్డు పుట్టిందే చేతిపని తప్పించుకోవడానికి. 1843లో లండనులో హెన్రీ కోల్ అనే పెద్దమనిషి, పండక్కి అందరికీ ఉత్తరాలు రాసే తీరిక లేక, హోర్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించి అచ్చుకొట్టించాడు. మిగిలినవి షిల్లింగు చొప్పున అమ్మకానికి పెట్టారు. రాసే తీరిక లేనివాడు కనిపెట్టిన దాన్ని వదిలించుకోవడానికి, తీరిక లేని మనం చార్టులు కోస్తున్నాం. అచ్చు కార్డును పలికించేది అందులోని బొమ్మ, ఇంట్లో చేసినదాన్ని పలికించేది గీత తప్పిన కత్తెర. పుచ్చుకున్నవాళ్ళు అదే చూస్తారు.

పద్యంలో అలంకారం ఏదని అడిగేవారికి: అలంకారమే ప్రయోజనం. డిసెంబరులో ఈ వీధుల్లో వేలాడే కాగితపు నక్షత్రాలు, చవితికి వినాయకుడి మీద పట్టే బుల్లి గొడుగులు, దసరా కొలువు మెట్లకు అంచులు అన్నీ కాగితం, జిగురు, తళుకు కలిసినవే. ఇదే జార్జి టౌను చెన్నకేశవస్వామి గుడి నుంచి ఏటా బయల్దేరే గొడుగులు తిరుమల గరుడసేవ నాటికి కొండ చేరతాయి. మన చార్టు ఆ స్థాయిది కాదు. కుటుంబం ఒక్కటే.

చివరగా 'మిగిలినవి చూచి'. ఇది శ్లేష. తక్కిన సరుకులు నీ వివేకం కొద్దీ కొను అన్నది మొదటి అర్థం. ఆ అర్థమే పట్టుకుని వ్యాఖ్యాత పువ్వులు పొడిచే పంచి, క్విల్లింగు పట్టీలు, కదిలే గుడ్ల కళ్ళు, జిగురు తుపాకి కొన్నాడు. రెండో అర్థం ఇల్లు చేరి బీరువా కింది అర తెరిచాక స్ఫురించింది: ఇంట్లో ఏం మిగిలి ఉన్నాయో చూసి, ఆపైన కొను. అరలో కిందటేటి రిబ్బను రోలు ఉంది. కట్ట విప్పని కవర్లు ఉన్నాయి. వాటి కింద పెళ్ళి శుభలేఖలు, రెండు మూడేళ్ళవి. బంగారు అంచులు, ఉబ్బెత్తు నెమళ్ళు, మామిడి పిందెలు, మూలల్లో ఎండి కాషాయం తిరిగిన పసుపు. అండర్సన్ వీధిలో ఇంతకంటే మంచి కాగితం అమ్మరు. ఇవి అక్కడివే. దేవుడి బొమ్మను కత్తిరించకూడదు కాబట్టి ఎవరూ పారేయరు, ఎవరూ వాడరు. మా పిల్ల దేవుణ్ణి వదిలి చుట్టూ ఉన్న నెమలిని మాత్రం కోసి అంటించింది. పోటీకి వెళ్ళిన కార్డు అదే. కొత్త చార్టులోంచి దానికి పోయింది ఒక్క ముక్క.

ఏది కవి హృదయమని కవయిత్రిని అడిగాను. "పద్యం చెప్పడం వరకే నా పని. అర్థం మీరు చూసుకోండి" అంది. 'మించిపోక' అన్నచోట మా అత్తగారు 'మించనీక' అని చదువుతారు. పాఠం ఏదైనా, బిల్లు చూసినప్పుడు అందరూ ఒక్కటే అన్నారు.

ఇది చెన్నపురీ జార్జిపట్టణ వీథీసంచార పరిశ్రాంత చరణ, గోనెసంచీఘాత వినమ్ర పృష్ఠభాగ, జిగినీధూళి ధూసరిత సర్వాంగ, గృహస్థ ప్రణీతంబైన కర్తరీకల్లోలిని యను వ్యాఖ్యయందు ప్రథమ పద్య వివరణము. ద్వితీయ పద్యము 'థర్మాకోలు' అని మొదలగును. చీటీ ఇదివరకే చేతికి వచ్చినది.