గో పక్కన వెంట్ ఎలా చేరింది?

ఇంగ్లీషులో చివర ‘ఎడ్’ తగిలిస్తే భూతకాలమైపోయే క్రియలు వేలల్లో ఉన్నాయి. వాటి జోలికి ఏ మాస్టారూ పెద్దగా పోరు. బెత్తం లేచేదల్లా ఆ పద్ధతికి లొంగని దాదాపు 200 క్రియల దగ్గరే. తెలుగునాట వీటికి వి1, వి2, వి3 అని మూడు గడుల పట్టిక, ఎక్కాల రాగం సిద్ధంగా ఉంటాయి. కట్-కట్-కట్, పుట్-పుట్-పుట్ దగ్గర తప్పు పోయే వీల్లేదు కనుక తరగతి గొంతు పెంచుతుంది. రీడ్-రెడ్-రెడ్ రాగానే, రాత ఒకటే, పలుకుబడి వేరని తెలిసి సగం గొంతులు దిగిపోతాయి.

డ్రింక్-డ్రాంక్-డ్రంక్ అంటూ నడిమి అచ్చు మార్చుకోవడం తాగుబోతు వ్యవహారం కాదు, జర్మానిక్ భాషల పాత ఆస్తి. ప్రాచీన ఇంగ్లీషులో ఇలాంటివి 300కు పైగా ఉండేవి. పండితులు వాటిని ఏడు తరగతులుగా కూర్చోబెట్టారు, అవీ చాలావరకు బుద్ధిగానే కూర్చున్నాయి. చివర తోక తగిలించే అలవాటే తర్వాత వచ్చింది. జానపద కథల అన్నదమ్ముల్లో ఒకడైన యాకోబ్ గ్రిమ్ అచ్చు మార్చుకునేవాటిని బలమైన క్రియలన్నాడు, తోక కావలసినవాటిని బలహీన క్రియలన్నాడు. గెలిచింది బలహీనులే. హెల్ప్‌కు ఒకప్పుడు హోల్ప్ ఉండేది, ఇప్పుడు హెల్ప్డ్‌తో సరిపెట్టుకుంటోంది. అడపాదడపా బుద్ధిమంతులు చెడిపోవడమూ కద్దు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో డిగ్డ్ అని ఉన్నది తర్వాత డగ్ అయి కూర్చుంది.

గోది మరీ అన్యాయం. వెంట్ అసలు వెండ్ అనే క్రియ సొత్తు. సెండ్-సెంట్ ఎలాగో వెండ్-వెంట్ అలాగే. గో దాన్ని లాక్కుంటే, వెండ్ పాపం వెండెడ్ అని కొత్తది కుట్టించుకుంది.

ఇన్ని ఊడిపోయినా కొన్ని మిగలడానికి కారణం వాడకం. రోజూ వాడే కత్తికి తుప్పు పట్టదు. హార్వర్డ్ పరిశోధకులు 2007లో ప్రాచీన ఇంగ్లీషు నాటి 177 వంకర క్రియలను లెక్కగడితే నేటికీ వంకర పోనివి 98 తేలాయి. వాడకం 100 రెట్లు తక్కువైన క్రియ 10 రెట్లు వేగంగా దారికొస్తుందట. బీ, హావ్, డూ, గోలను బాగుచేద్దామనుకునేవారు ఈ అంకెలు చూసి ఆశ వదులుకోవచ్చు.

ఇంగ్లీషు పిల్లలు మొదట వెంట్ అని సరిగ్గానే అంటారు, కొన్నాళ్లకు గోడ్ అంటారు. తల్లి కంగారు పడుతుంది కానీ, బిడ్డకు సూత్రం తెలిసిందన్నమాట. 1958లో భాషా పరిశోధకురాలు జీన్ బెర్కో ‘గ్లింగ్’ అనే లేని క్రియను కల్పించి అడిగితే పిల్లల్లో ఎక్కువమంది గ్లింగ్డ్ అన్నారు. గ్లాంగ్, గ్లంగ్ అని తప్పుదారి పట్టింది పెద్దలే.

అక్షరక్రమం పట్టిక కన్నా, ఒకేలా మోగేవాటిని ఒకచోట చేర్చి నేర్పడం మేలు. డ్రింక్, సింక్, ష్రింక్ ఒక్క ఊపులో వచ్చేస్తాయి. అదే ఊపులో ఏ కుర్రాడైనా థింక్‌కు థాంక్ అని రాస్తే మార్కు కొట్టేయక తప్పదు గానీ, నేరం మాత్రం థింక్‌దే.