బాబ్ డిలన్ కచేరీకి వెళ్ళి భంగపడి రావడం ఎలా?

బాబ్ డిలన్ కచేరీకి టికెట్ కొన్నవారు చేయవలసిన మొదటి పని, ఆ రోజు వచ్చేలోగా పాత రికార్డులన్నీ కంఠతా పట్టడం. మాటలు మాత్రమే వస్తే చాలదు. 1965 నాటి ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’లో ఆర్గన్ ఎక్కడ అందుకుంటుందో, డిలన్ ఏ మాటను ఎంత సాగదీస్తాడో అన్నీ నోటికి వచ్చి తీరాలి. సాధన ఎంత గట్టిదైతే హాల్లో తగిలే దెబ్బ అంత గట్టిది. ఎనభై దాటిన ఆ పెద్దాయన గిటార్ పక్కన పెట్టి పియానో దగ్గర చేరి, మీకు ప్రాణమైన పాటను వేరే దరువులో, వేరే వరసలో అందుకుంటాడు. మీరు గొంతు కలపబోయే సరికి ఆయన ఆ పాదం దాటేసి ఉంటాడు, లేదా ఇంకా అక్కడికి వచ్చే ఉండడు. రెండో చరణం దాకా అది ఏ పాటో తెలియకపోతే పక్క సీటాయన్ని అడగండి. ఆయన కూడా మిమ్మల్ని అదే అడగబోతుంటాడు.

ఇలా భంగపడడానికి ఒక నమ్మకం ఉండాలి: రికార్డులో ఉన్నది అసలు, వేదిక మీద వినిపించేది దాని నకలు. ఈ నమ్మకం చెదరకుండా కాపాడుకోవాలంటే కొన్ని సంగతులు తెలుసుకోకపోవడమే మంచిది. ఉదాహరణకు, మీరు కంఠతా పట్టిన ఆ ఆర్గన్ వాయించిన ఆల్ కూపర్ ఆ రోజు స్టూడియోకి వచ్చింది గిటార్ వాయిద్దామన్న ఆశతో. అవకాశం దొరక్క ఆర్గన్ ముందు కూర్చున్నాడు. ఇప్పుడు మనం శిలాశాసనంలా చూసుకునే ఆ స్వరాలు ఒక పూట ఆయనకు తోచినవి. ‘బ్లడ్ ఆన్ ద ట్రాక్స్’ ఆల్బమ్ సంగతి మరీ ఇబ్బంది. 1974 సెప్టెంబరులో న్యూయార్క్‌లో రికార్డింగంతా అయిపోయాక, డిసెంబరులో డిలన్ మినియాపొలిస్‌లో వేరే వాద్యగాళ్ళను కూర్చోబెట్టుకుని అందులో సగం పాటలు మళ్ళీ పాడాడు. 1975లో బయటికి వచ్చింది ఈ రెండిటి కలగలుపు. అందులోని ‘టాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ’కు తర్వాతి కచేరీల్లో సాహిత్యమే మార్చేశాడు. వీటిలో అసలు ఏది, నకలు ఏది? రికార్డు అంటే ఆ పాటను ఒకానొక రోజు పాడిన తీరు, అంతే. పాటలు పాడడానికేగాని చదవడానికి కాదని 2017లో నోబెల్ ఉపన్యాసంలో ఆయనే చెప్పాడు. పాడడానికే అయినప్పుడు పాడిన ప్రతిసారీ ఒకేలా ఎందుకుండాలి?

తెలుగు శ్రోత భంగపడాలంటే కాస్త అదనపు శ్రమ తప్పదు. ఇంట్లో నేర్చుకున్నదాన్ని మరిచిపోవాలి. త్యాగరాజ కృతులు వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యపరంపరల్లో వేర్వేరు పాఠాంతరాలతో మనదాకా వచ్చాయి. ఆయన గొంతు రికార్డై ఉంటే మనం ఎంత దరిద్రులమై ఉండేవాళ్ళమో! పద్యనాటకంలో ‘వన్స్ మోర్’ అని అరిచే జనం అదే పద్యాన్ని అచ్చంగా అలాగే వినడానికి అరవరు, ఈసారి రాగం ఇంకెంత దూరం తీస్తాడో చూద్దామని అరుస్తారు. ఆ శ్రోతే సినీ సంగీత విభావరికి వెళ్ళినప్పుడు, రెండో చరణం ముందు ఫ్లూట్ బిట్ రికార్డులో ఉన్నట్టు లేకపోతే మొహం చిట్లిస్తాడు. ఒకే మనిషికి రెండు రకాల చెవులు. డిలన్ దగ్గరికి ఆ రెండో రకం చెవి తీసుకువెళ్ళాలన్నది మా సలహా.

డబ్బు పోసి టికెట్ కొన్నాం, తెలిసిన పాట తెలిసినట్టు వినే హక్కు లేదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ తెలిసినట్టు వినడానికి ఇంట్లో రికార్డు ఉంది. ఇంట్లో లేనిదాని కోసం కదా టికెట్! పైగా ఈయన 1988 నుంచి, కరోనా విరామం తప్ప దాదాపు ఏటా, ఊరూరా తిరిగి పాడుతున్నవాడు. గుట్టుగా మోసం చేశాడనడానికీ వీల్లేదు. 2021లో మొదలుపెట్టిన పర్యటనలోనైతే ఏడాది ముందు వచ్చిన కొత్త ఆల్బమ్ పాటలే ఎక్కువ పాడాడు, పెద్ద హిట్లు చాలామటుకు వదిలేశాడు. ప్రేక్షకుల ఫోన్లను సంచుల్లో పెట్టి తాళం వేయించాడు కూడా. అభిమానికి ఇంతకంటే అన్యాయం ఉండదు: రికార్డులోని పాట వినపడదు, వినపడినదాన్ని రికార్డు చేయనివ్వరు. ఇక చేయగలిగిందల్లా వినడమే.

గొంతు పోయింది గనక ఆ లోపం కప్పిపుచ్చుకోవడానికి వరసలు మారుస్తున్నాడన్నది ఇంకో అభియోగం. గొంతు తరిగిన మాట నిజం. కొన్ని రాత్రులు మాటలు మింగేస్తాడు, కొన్ని మార్పులు పాటకు నప్పనే నప్పవు. మార్చిందల్లా గొప్పదే అనడం భక్తి అనిపించుకుంటుంది గాని రసజ్ఞత అనిపించుకోదు. కానీ ఈ మార్పులు గొంతు తరిగాక మొదలైనవి కావు. 1966 మే 17న మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో పాడే నాటికి ఆయనకు ఇరవై ఐదేళ్ళయినా నిండలేదు. మొదటి సగం ఒంటరిగా గిటార్‌తో పాడి, రెండో సగానికి ఎలక్ట్రిక్ బ్యాండ్‌ను దించాడు. రెండేళ్ళనాటి తన పాటనే, అప్పుడు అలా ఉండేది ఇప్పుడు ఇలా ఉంటుందని చెప్పి మరీ హోరెత్తించాడు. జనంలోంచి ఒకడు ‘యూదా!’ అని అరిచాడు, క్రీస్తును అప్పగించిన శిష్యుడి పేరు. డిలన్ నువ్వు అబద్ధాలకోరువని జవాబిచ్చి, బ్యాండ్‌ను ఇంకా గట్టిగా వాయించమన్నాడు.

ఆ రాత్రి టేపు దొంగ రికార్డుగా ఏళ్ళ తరబడి చేతులు మారింది, అదీ లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ కచేరీ అన్న తప్పుడు పేరుతో. 1998లో కంపెనీయే అధికారికంగా విడుదల చేసింది. ఆనాడు ఈలలు, కేకలతో తిట్టించుకున్న కచేరీ ఈనాడు అభిమానులు నెత్తిన పెట్టుకునే రికార్డు. కాబట్టి ఆఖరి సలహా: అది కూడా కొని కంఠతా పట్టండి. ఈసారి ఆయన పాడేటప్పుడు, 1966లో పాడినట్టు లేదేమిటని అడగడానికి పనికొస్తుంది.